వంతు

ఇస్ఫారా నది మా ఊరి దగ్గరకొచ్చేసరికి
పలుపుతాడంత సన్నబడుతుంది.
ఈ గట్టున కిర్గిజులం, ఆ గట్టున తాజిక్‌లు,
మధ్యలో ఇనప తూము.
ఆప్రికాట్ పూత రాలి పిందె పడగానే
దాని చక్రం కోసం రాళ్ళు లేస్తాయి.

రాళ్ళ తర్వాత మేం పుట్టాం.
యువజన శాంతి సంఘం, పన్నెండు మందిమి.
దరఖాస్తులో ఆడపిల్లలెందరని ఓ గడి ఉంటే
బురుల్చాని, ఆ గట్టు నుంచి సద్‌బర్గ్‌ని చేర్చాం.
నేను కార్యదర్శిని, చేతిరాత బాగుంటుందని.
నిజానికి బురుల్చా రాత నాకంటే గుండ్రం.
ఆ మాట అప్పుడెవరూ అనలేదు. నేనూ అనలేదు.

సమావేశమంటే పాత బడిలో ఎర్ర తివాచీ,
పొగలు కక్కే సమోవార్.
దాని పక్కనే వాళ్ళిద్దరి చోటు.
షోదీ మాట్లాడతాడు, ఉలార్‌బెక్ నేల గుద్దుతాడు,
"శాంతి" అన్నప్పుడల్లా ఓ గిన్నెడు టీ నిండుతుంది.
ఫొటో తీసేటప్పుడు మాత్రం
ఇద్దర్నీ ముందు వరసలోకి లాగేవాళ్ళం.

మూడు నెలలు కూర్చుని నీటి ఒప్పందం రాశాం.
ఏ రాత్రి ఎవరి వంతో,
ఇరవై రెండు పేర్లు, రెండు భాషల్లో,
కింద గుండ్రటి ముద్ర.
చదివి వినిపించి చప్పట్ల కోసం ఆగాను.

సమోవార్ పక్క నుంచి బురుల్చా అడిగింది:
"జక్షిలిక్ బాబాయి మంగళవారం వంతుకి
మాస్కో నుంచి వస్తాడా?"

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.
వేలు పెట్టి ఒక్కో పేరూ చదివింది.
ఈయన కజాన్‌లో ఇటుకలు మోస్తున్నాడు.
ఈయన టాక్సీ. ఈయన ఫోనెత్తక రెండేళ్ళు.
ఈయన పోయిన చలికాలం పెట్టెలో వచ్చాడు,
మోసింది మీరే.
ఇరవై రెండులో పంతొమ్మిది.

"మరి రాత్రుళ్ళు తూము దగ్గర ఎవరుంటున్నారనుకున్నారు?"
సద్‌బర్గ్ అంది, టీ పోయడం ఆపకుండానే.

అప్పుడు చెప్పారు, ఒకరి మాట ఒకరు అందుకుంటూ.
మా అమ్మలు, వాళ్ళ అమ్మలు
ఆరేళ్ళుగా టార్చి ఊపి వంతులు మార్చుకుంటున్నారట.
ఒక్క ఊపైతే చాలని, రెండైతే ఇంకాసేపని,
పురుడొచ్చిన ఇంటికి ఎవరినీ అడక్కుండా ముందని.
రాళ్ళు పడ్డ రాత్రి కూడా తెల్లారుజామున
ఎవరో ఒకావిడ వచ్చి చక్రం సగం తిప్పి వెళ్ళిందట,
రెండు వైపులా పారేలా.
ఏ గట్టావిడో ఇద్దరూ చెప్పలేదు.

"ఇదంతా ముందే చెప్పొచ్చుగా" అన్నాడు ఉలార్‌బెక్.
"వంతు రాలేదు" అంది బురుల్చా.

మళ్ళీ రాశాం. ఈసారి కలం ఆమెది.
టీ నేను కాచాను, కటిక చేదు.
షోదీ మొహం ముడుచుకుని తాగాడు.
అందరం మారిపోయామని చెప్పను.
ఇద్దరు సంఘం మానేశారు.
జులైలో ఒక గండి, ఒక పగిలిన తల.
తల మా తమ్ముడిది. ఏడు కుట్లు.

ఆ సాయంత్రం శుక్రవారం వంతు దగ్గర
బురుల్చా కలం ఆపి
"మీ అమ్మ పేరు?" అంది.
తెలియదని కాదు. ఏదో బడి కాగితం మీద చూసిందే.
ఊరికి ఆవిడ ఫలానా వాడి తల్లి.
ఆ ఫలానా వాణ్ణి నేను.
మధ్యలో రెండక్షరాలు గుర్తు రాలేదు.

ఫోన్ చేశాను. అవతల నీళ్ళ చప్పుడు.
"ఇప్పుడెందుకురా?" అంది.
కాసేపాగి ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది,
తన పేరు తానే చెప్పి ఎన్నేళ్ళైందో,
నడిమధ్యన ఒకసారి తడబడి.