దూలానికి వేలాడిన బండి

కురిడీ కాయల అటక కింద, మా పాత కొబ్బరి కొట్టులో
ఆదివారం పొద్దున్నే ముగ్గురం కూడతాం.
దైవసహాయం మాస్టారు కిరసనాయిలు పళ్లెం ముందు పీట వేసుకుంటారు.
లింగాచారి కంటికి భూతద్దం బిగిస్తాడు.
నేను, లాకుల దగ్గర ముప్పైయొక్కేళ్లు
తలుపులు ఎత్తీ దించీ రిటైరైనవాణ్ణి,
రెంచి పట్టుకుని వాళ్లేం చెబుతారా అని చూస్తుంటాను.

బండి జావా. అరవైనాలుగు మోడలు.
అంతర్వేది దారిలో రొయ్యల చెరువు కాపలా పాకలో దొరికింది.
సీటు మీద కోళ్లు కాపురం పెట్టాయి,
హెడ్‌లైటు గిన్నెలో రెండు గుడ్లు.
బేరం కుదిరాక
గుడ్లకు వేరే లెక్కండీ అన్నాడు పాక మనిషి.
ఇచ్చాను.

ఇక్కడ గాలికే ఉప్పుంటుంది.
శనివారం తోమిన రిమ్ముకి
మంగళవారానికల్లా పసుపు బొట్లు లేస్తాయి.
తుప్పుకీ మాకూ కౌలు కుదిరింది:
దానికింత, మాకింత.

కార్బురేటరు జెట్టు ఎక్కడా దొరక్కపోతే
లింగాచారి ఇత్తడి ముక్క పట్టుకెళ్లి
ముక్కుపుడక మర చేసే సూదితో కన్నం పెట్టుకొచ్చాడు.
"ఎవరి ముక్కుకి?" అని అడిగిందట వాళ్లావిడ.
ఆయిల్ మట్టం చూడ్డానికి కొబ్బరి ఈనె,
గాస్కెట్టుకి శుభలేఖ అట్ట, పెళ్లికూతురి పేరు సగం తెగి.
ఈ బండికి కిక్కూ గేరూ ఒకటే కడ్డీ.
"ఒక కూలికి రెండు పనులు," అంటారు మాస్టారు
ప్రతి ఆదివారం, కొత్తగా అన్నట్టు.

ఇంజను ఇప్పటిదాకా ఒక్కసారే పలికింది.
ఆషాఢంలో, పదకొండు సెకన్లు.
నీలం పొగ అటక దాకా లేచి
కాయల మధ్య చాలాసేపు తచ్చాడింది.
మేం ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు.

శ్రావణంలో మూడో హెచ్చరిక ఎగరేశారు.
నీళ్ల సంగతి నాకు తెలుసు,
స్కేలు రాతి మీద గీతలు చదివిన కళ్లివి.
రాత్రికి కొట్టులో నడుంలోతు అనుకున్నాను.
గొలుసు కప్పీ దూలానికి తగిలించి
జావాని ఎత్తాను, ఒక్కణ్ణే,
లాకు తలుపు ఎత్తినంత నిదానంగా.
ట్యాంకు మీద దుప్పటి కప్పాను.
ముడి మీద ముడి వేశాను.

పడవెక్కాక అడిగింది మంగతాయారు,
"నా కుట్టు మిషను?"

మూడు రోజులు స్కూలు మేడ మీద, పులిహోర పొట్లాలు.
నాతో మాట్లాడుతూనే ఉంది.
అన్నీ మామూలు మాటలే.
మానేసినా బాగుండేది.

నీళ్లు తీశాక కొట్టు తలుపు తోశాం.
పైన బండి, చుక్క తడి లేకుండా.
పక్క గదిలో మిషను, చక్రం నిండా ఒండ్రు,
ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు
ఇంకా పాదం కింద నొక్కుకుని.

ఆ ఆదివారం పళ్లెంలో జావా సామాను పెట్టలేదు.
బాబిను, షటిలు, వంకర తిరిగిన సూది.
లింగాచారి పళ్లపట్టీని పన్ను పన్నూ గీరాడు.
మాస్టారు ఒండ్రు వాసన చూసి
"ఇది భద్రాచలం పైమాట మట్టి," అన్నారు, తెలిసినట్టే.
ముప్పయ్యేళ్లు గోడకి అవతల తిరిగిన మిషను.
దానికి నూనె కన్నాలెన్నో
నాకు ఆ రోజుదాకా తెలీదు.

ఐదో ఆదివారం వచ్చి కూచుని తొక్కింది,
తల పక్కకి వంచి విన్నది.
"ప్రతి మూడో కుట్టూ దాటేస్తోంది."
మళ్లీ విప్పాం.

ఇప్పుడు దాటడం లేదు.
బండి మాత్రం దూలానికే ఉంది.
దించుదామంటే ఎందుకో చేతులు రావు.
అప్పుడప్పుడు ఓ నూనె చుక్క
గచ్చు మీద, ఒకే చోట పడుతుంది.

నిన్న గుమ్మంలో నిలబడి పైకి చూసింది.
"దింపండి," అంది.
"కాయలు దింపు తీశారు, అటకెక్కే దారికి అడ్డంగా ఉంది.
సీటు కొలత కూడా తీసుకోవాలి."