రాగి వాషరు

మిర్యాలగూడ బైపాస్ మీద బియ్యం లోడు.
లారీ కింద రోజూ రూపాయి బిళ్లంత తడి.
ట్యాంకన్నరొకరు, పైపన్నరింకొకరు.
ఖాజామియా ఏమనలే.
గ్యాసునూనె గుడ్డతోటి ఇంజనంత తుడిచి
మా కిలీనరు పోరని పౌడరు డబ్బా అడిగిండు.
పెండ్లిచూపులకని దాసుకున్నడంట, వాని మొఖం జూడాలె!

పైపుల మీద, పంపు మీద చల్లి
చేతిపంపు కొట్టమన్నడు.
నలభై కొట్టినంక
ఫిల్టరు పక్క బోల్టు కింద
తెల్లటి పొడిల ఒక నల్లగీత,
చీమ ఎల్లినంత సన్నం.

కొత్త వాషరు లేదు. పాతదాన్నే
చాయ్ పొయ్యిల ఎర్రగ కాల్చి నీళ్లల్ల ఏసిండు.
"ఇనుమైతే గట్టివడ్తది బిడ్డా, రాగి మెత్తవడ్తది."
అంతే అన్నడు, బిగిచ్చిండు.

కోదాడ దాటినంక ఆపి వంగి చూసిన.
పౌడరు పొడిగనే ఉంది.
లారీ అంతా పెండ్లికొడుకు వాసన.