రెహానీకి చలి పడదు

ఆసుపత్రికి వెళ్ళిన రోజు
సింకు పక్కన మూడు కట్టలు వదిలేశాను.
కొత్తిమీర,
సోంపు వాసనతో నాలుకని తిమ్మిరెక్కించే తర్ఖూనా,
లవంగం గాలి వేసే ఊదా ఆకుల రెహానీ.
అంబులెన్సు కుర్రాడు "పద నానూలీ పెద్దమ్మా, పద" అంటుంటే
చెప్పులు వెతుక్కున్నాను గానీ
ఆకుల సంగతి ఎవరికి గుర్తుంటుంది.

ఆరు రోజులు.
రాళ్ళు తీసి చిన్న సీసాలో పోసి ఇచ్చారు,
మిరియాల్లా ఉన్నాయి.
మంచం మీద నేను వేసుకున్న లెక్క మాత్రం వేరే.
కొత్తిమీర రెండో రోజుకి తల వాలుస్తుంది,
నాలుగో రోజుకి కాడల దగ్గర జిగురు,
ఆరో రోజుకి ఆ కంపు మెట్లు దిగుతుంది.
కింది వాటాలో రుజన్నా ముక్కు మూసుకుంటుంది.
మూసుకోనీ.

రుజన్నాకీ నాకూ పదకొండేళ్ళుగా మాటల్లేవు.
బట్టల తాడు దగ్గర మొదలైంది.
ఎవరి దుప్పటి ఎవరి చొక్కా మీద కారిందో
నిజం చెప్పాలంటే నాకే గుర్తులేదు.
కోపం మాత్రం చెడకుండా దాచుకున్నాను,
మూత బిగించి, గాలి తగలనివ్వకుండా.

అంతకుముందు, కరెంటు లేని చలికాలాల్లో,
కుతాయిసి అంతా కిరోసిన్ వాసన కొట్టే రోజుల్లో,
ఫ్రిజ్జంటే చెప్పులు పెట్టుకునే అలమర.
అప్పుడు ఇద్దరం కలిసి ఒకే కట్ట కొనేవాళ్ళం.
దానికి నేను నేర్పాను:
కడిగి దాచకు, తినేముందు కడుక్కో.
తడి ఆకుకి పగ, తడిగుడ్డ చుట్టం.
అది నాకు నేర్పింది:
సోయికూర సన్నగా తరిగి
ఒక పొర ఆకు, ఒక పొర ఉప్పు,
జాడీలో కుక్కితే మార్చి దాకా చారులో పచ్చదనం.
ఆ ఉప్పు కూడా సగం సగం పంచుకున్నవాళ్ళం.

ఇల్లు తెరిచాను.
కంపు లేదు.
కిటికీ దగ్గర గాజు గ్లాసులో తర్ఖూనా
ఫోటోకి నిలబడ్డ పెళ్ళికొడుకులా నిటారుగా.
కాడల చివర ఏటవాలు కోత, తాజాది.
నీళ్ళు తేటగా ఉన్నాయి, పొద్దున మార్చినవి.
తల మీద వదులుగా ఒక ప్లాస్టిక్ సంచి.
ఫ్రిజ్జులో కొత్తిమీర, తడిగుడ్డలో.
గుడ్డ నాది కాదు.
నీలి అంచు, మూలన ఆర్మేనియన్ అక్షరం ఒకటి
ఎర్ర దారంతో కుట్టి ఉంది.
విప్పి చూశాను. పండుటాకు ఒక్కటి లేదు.
ఎవరో కూర్చుని ఏరారు.
నా తాళంచెవి మీటరు పెట్టె వెనక ఉంటుందని
ఈ మేడలో తెలిసింది ఒక్కరికే.
దానికి మోకాళ్ళు పోయాయని కూడా నాకు తెలుసు.

కుర్చీలో కూలబడ్డాను.
కళ్ళు చెమర్చాయి.
కుట్లు లాగుతున్నాయేమోలే అనుకున్నాను.

ఇప్పుడేం చెయ్యాలి.
వెళ్ళి నీ మేలు మర్చిపోలేనని చెప్పాలా?
పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట అదా?
నా నోరు అలా తిరగదు.

అప్పుడు కనబడింది, కింది అరలో, వెనకగా,
ఇంకో గుడ్డ మూట.
లోపల రెహానీ.
నల్లగా, బొగ్గులా, ముట్టుకుంటే వేలికంటింది.
నాకు ప్రాణం లేచొచ్చింది.

పొట్ట పట్టుకుని మెట్టు మెట్టూ దిగాను.
తలుపు బాదాను.
తీసింది. జుట్టంతా తెల్లబడిపోయింది.
ఇన్నేళ్ళూ పైనుంచి చూస్తూనే ఉన్నాను,
చూడనట్టు.

ఆ నల్ల కట్ట దాని మొహం ముందు ఊపి
"రెహానీకి చలి పడదు, బయటే ఉంచాలని
వందసార్లు చెప్పలేదూ నీకు?" అన్నాను.

రుజన్నా కట్టని చూసింది.
నా పొట్ట మీది చేతిని చూసింది.
"ఒక్కసారే చెప్పావు" అంది.

తర్వాత తలుపు ఇంకొంచెం తెరిచి,
"గుమ్మంలో నిలబడకు,
చలి కొడుతోంది."