సెలవు చీటీ

అయ్యా,
మా చెంగల్రాయుడు మంగళవారం బడికి రాలేదు.
మూడు వారాలకోసారి ఎగ్మూరు పిల్లలాసుపత్రిలో
వాడికి ఎవరిదో నెత్తురు ఎక్కిస్తారు.
ఈ మాట ఎన్నిసార్లు రాశానో
మీ సొరుగుకే తెలియాలి.

నెత్తురు తక్కువని కొరుక్కుపేటంతా ఎరుగుదురు.
పాల బూత్ ఆవిడ ఖర్జూరాలిస్తుంది,
ఇనుము ఎక్కువవుతుందని డాక్టరమ్మ వద్దన్నవే;
కాదనలేక కొంగున కట్టుకుంటాను.
లోకల్ రైల్లో ఎవరో ఒకరు జరిగి చోటిస్తారు.
మార్కులు చూసి మీరూ అన్నారు:
"పాపం, రోజులు పోయాయి కదా."
నాలుగేళ్లు నేనూ అదే అనుకున్నాను.

మొన్న వేసవిలో పోవడానికి రోజులే లేవు.
కొత్త నెత్తురు ఎక్కిన మర్నాడు,
గోడలెక్కే హుషారులో ఉన్నవాణ్ణి
పట్టుకుని కూర్చోబెట్టి చదివించాను.
'వాన' అని ఉంటే 'పాన' అన్నాడు.
మళ్లీ చూడరా అంటే
మళ్లీ చూసి, చెమట పట్టి, 'పాన' అన్నాడు.
"తమిళమే మంచిదమ్మా,
ఒక్క ప తో నలుగురికి సరిపెడుతుంది."
నవ్వాను.
రాత్రి గిన్నెలు తోముతుంటే ఆ నవ్వు గొంతులో అడ్డం పడింది.

నరం ఎక్కడ దొరుకుతుందో నర్సుకి వాడే చూపిస్తాడు.
తాత పేరు మోస్తున్నాడు గానీ
రాసిన ప్రతిసారీ అందులో ఒక అక్షరం జారిపోతుంది.

అందుకే ఈసారి సెలవు అడగడం లేదు.
రాని రోజులు మీ రిజిస్టరులో ఉన్నాయి.
వచ్చిన రోజున
వాడి పక్కన కాసేపు కూర్చుని చూడండి.

ఇట్లు,
మునిరత్నం, వాడి తల్లి.
తప్పులుంటే దిద్దుకోండి.
మొద్దునని నన్ను అయిదులోనే మాన్పించారు.