అల్లికలో చెప్పు

పెర్త్ నుంచి లండన్‌కి
పద్నాలుగువేల అయిదొందల కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ.
మధ్యలో ఎక్కడా దిగదు.
పదిహేడున్నర గంటలు.
ఎదురుగాలి మొండికేస్తే ఇంకో అరగంట,
వచ్చేటప్పుడు ముప్పావుగంట తక్కువ.
దారి అదే. దూరం అదే.
గాలికే, పోయేవాళ్ళంటే ఒకటి, వచ్చేవాళ్ళంటే ఇంకొకటి.

నేను రెక్క కింద గొట్టం పట్టుకుని నిలబడేదాన్ని.
వంద టన్నుల కిరోసిన్ తాగుతుంది,
తాగుతున్నంతసేపూ గొట్టం
చూడిగేదె డొక్కలా అదురుతూనే ఉంటుంది.
ఇంటికొచ్చి మూడుసార్లు సబ్బేసినా
పెరుగన్నంలో అదే వాసన.

మా తాత దూరాన్ని చుట్టల్లో చెప్పేవాడు.
మొగల్తూరెంత?
"రెండు చుట్టలు."
ఎదురుగాలిలో చుట్ట తొందరగా కాలిపోతుంది,
నడకేమో సాగదు.
"అప్పుడు మూడు" అనేవాడు,
మూడోది ఎవరినో అడిగి పుచ్చుకుని.

పక్కింటి డోరీన్‌కి ఎనభై ఒకటి.
అరవై నాలుగులో ఓడ దిగింది, ఫ్రీమాంటిల్ రేవులో.
ఇరవై నాలుగు రోజులు.
సూయెజ్ దాటేసరికి స్వెట్టరు వీపు అయింది,
ఏడెన్‌లో మెడ,
ఆ తర్వాత అన్నీ నీళ్ళే,
రెండు చేతులూ ఆ నీళ్ళ మీదే అల్లిందట.
దిగేసరికి ఇక్కడ నలభై డిగ్రీలు.
ఆ ఉన్నిని ఎవరూ తొడుక్కోలేదు.

అక్క విన్నీతో ముప్పై ఏళ్ళుగా మాటల్లేవు.
ఎందుకో ఇద్దరికీ గుర్తులేదు,
పంతం ఒక్కటే గుర్తుంది.
మొన్న ఫోనొచ్చింది: "వస్తావా?"

కంచె మీంచి అడిగింది నన్ను,
"పదిహేడు గంటలంటే ఎంత?"
అంకెలు చెప్పాను. తల అడ్డంగా ఊపింది.
"అల్లికలో చెప్పు."
నాకు గుండీ కుట్టుకోవడమే రాదు.
తనే వేళ్ళు ముడిచీ విప్పీ లెక్కేసింది:
"ఒక చెయ్యి.
ఈ కీళ్ళతో, అదీ మణికట్టు దాకా రాదు."

ఆ సాయంత్రం ఆ విమానం నా వంతే.
కిటికీలోంచి చెయ్యి ఊపుతానంది.
కిందనుంచి అన్ని కిటికీలూ ఒక్కలాగే ఉంటాయి.
కాగితం మీద సంతకం చేసి
ఏదో ఒక కిటికీకి ఊపాను,
ఎవరో పిల్లాడు తిరిగి ఊపాడు.

రాత్రి మెలకువొచ్చి గడియారం చూశాను.
ఇప్పుడు ఏడెన్‌కి ఏ పక్కన ఉందో.
అప్పుడైతే మెడ దగ్గర ఉండేది.

మర్నాడు ఫోటో పంపింది.
బూడిదరంగు ఉన్ని, మోచేయంత పొడవు.
మధ్యలో నిద్రపోయిందట.
విన్నీ దాన్ని లాక్కుని
చేతికి కాదు, కాలికి తొడుక్కుంది,
వేళ్ళు బయటికొచ్చి నవ్వుతున్నాయి.

"మిగతాది వచ్చేటప్పుడు" అని రాసింది కింద.

వచ్చేటప్పుడు ముప్పావుగంట తక్కువని
నేను చెప్పలేదు.