పదకొండో వేలు

కాశీనగరం బస్టాండు వెనక
సైకిల్ టైర్ల కొట్టుకీ కోడిగుడ్ల కొట్టుకీ నడుమ
నాలుగడుగుల బల్ల, అదే నా బ్యాంకు.
దాని మీద అరచేతిలో పట్టే మిషను,
ఒక ఛార్జరు, తడిగుడ్డ, కోసిన నిమ్మచెక్క.
సిగ్నల్ వంశధార అవతల నుంచి
గాలివాటుగా వస్తుంది.
మబ్బు పట్టిందంటే ఇటు ఒడిశా లేదు, అటు ఆంధ్రా లేదు.

బోణంగి దాలమ్మ జీడిబట్టీ నుంచి సరాసరి వచ్చింది.
కొంగంతా కాల్చిన పిక్కల వాసన.
మనవడి ఫోన్లో మెసేజీ పడిందట, చదివిపెట్టమంది.
రెండువేల ఎనిమిది వందల అరవై, జమ.
"ఇంకోపాలి సదువు" అంది. చదివాను.
ఆ అంకె మీద వేలు ఆనించి చూసింది,
వేడిగా ఉంటుందేమో అన్నట్టు.

కుడి బొటనవేలు పెట్టింది.
ఎర్రలైటు వెలిగి ఆరిపోయింది.
సరిపోలలేదని మిషను ఒడియాలో అంది.
నేను తెలుగులో అన్నాను.
వెనక నిలబడ్డ ఎనోస్ గొమాంగో
సవరలో తనకి తనే చెప్పుకున్నాడు.
మూడు భాషల్లోనూ డబ్బు రాలేదు.

నిమ్మచెక్కతో రుద్దాం. కొబ్బరినూనె రాసి తుడిచాం.
నోటి ఆవిరి ఊదాం.
చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం ఎరగని ఉంగరపువేలు,
ఎడమచెయ్యి, చిటికెన.
పద్దెనిమిదేళ్ళు పిక్క పగలగొట్టిన చేతులు.
తొక్కలోని జిడ్డు గీతల్ని ఒక్కొక్కటే తినేసింది.
వెలుతురుకి తిప్పి చూస్తే
ఏట్లో దొర్లిన గులకరాళ్ళు.
ఒంటి మొత్తం మీద
ఈమె ఈమే అని చెప్పే చోటు
కూలి కిందే పోయింది.

"ఏటి బావూ, నా ఏలు నాది కాదంతందా?"
నవ్వబోయి ఆగాను.
"పదకొండో ఏలుంటే అదీ ఎట్టీదాన్ని."

టీ తాగుతూ తనే చెప్పింది.
మొగుడు పోయిన ఏడు షావుకారు కాగితం మీద
ఇదే బొటనవేలు వేసిందట.
ఒక్కపాలికే పడిపోయింది, నల్లగా,
సుడులు సుడులుగా, ముచ్చటగా.
అరెకరం తోట ఆ సుళ్ళలోనే మునిగింది.
"అప్పుడు పడకపోయినా బాగున్ను" అంది,
గ్లాసు అడుగున పంచదార చూస్తూ.

నా సంగతీ చెప్పాలి.
మొదట్లో పడని ప్రతి వేలికీ పది రూపాయలు పుచ్చుకునేవాణ్ణి.
మిషను అరుగుదల అనేవాణ్ణి.
మానేసింది మంచితనంతో కాదు,
పక్కవీధిలో ఇంకో మిషను తెరిచారు.

గుణుపురం బ్రాంచిలో కంటిపాప చూసే యంత్రం ఉందట.
బస్సుకి పోనూ రానూ డబ్బులు, ఒక రోజు కూలి,
తీరా వెళ్ళాక ఆ బాబు సెలవులో లేకపోతే.
"కల్లైతే ఉన్నాయిలే ఇంకా" అంది దాలమ్మ,
"బట్టీ పొగకి ఎన్నాల్లుంతాయో."

ఇవాళ్టికి మాత్రం బియ్యం కావాలి.
గల్లాపెట్టెలోంచి మూడొందలు తీశాను.
"ఊరికే వొద్దు, రాసుకో."
నోటుబుక్కులో పేరు రాశాను, అంకె వేశాను.
ఆమె సంతకం అడగకముందే
స్టాంపు ప్యాడు తన వైపు లాక్కుంది,
బొటనవేలు నొక్కింది.

పడింది.
గీతల్లేని నీలం మరక,
జీడిపిక్కంత, నున్నగా.
ఎవరిదైనా కావచ్చు అది.
నాకు తెలుసు ఎవరిదో.

మనవడి ఫోన్లో రెండువేల ఎనిమిది వందల అరవై
ఇంకా అక్కడే వెలుగుతోంది.
ఆమె సొంత డబ్బుకి నేను అప్పిచ్చాను.
షావుకారు కూడా మొదటి పుస్తకం
ఇలాంటి సాయంత్రమే తెరిచి ఉంటాడు,
ఇలాగే, ఎవరికో బియ్యం లేవని.

సిరా ఆరేదాకా పుట మూయలేదు.
ఎనోస్ ముందుకు జరిగి
రెండు చేతులూ లుంగీకి గట్టిగా తుడుచుకున్నాడు.