ఇంకా ఎవరో ఉన్నారట

పలాసలో శనివారం రాత్రి
జీడిపొగ నేలకి దిగాక
సర్వర్ గది తలుపు తీశాను.
ఏసీ కింద బకెట్టు, బకెట్టులో సగం నీళ్లు,
గోడ మీద ఎవరో బొగ్గుతో రాసిన డీజిలు లెక్క.

పాత డేటాబేసుకి పేరు లేదు.
పెట్టె విప్పిన రోజే మిషను తనంతట తాను
పది అంకెలు గిలికి మెడకి కట్టేసింది.
సీ డ్రైవులోనే పడుకోబెట్టింది.
తొమ్మిదేళ్లు ఎవరూ లేపలేదు.
ఇప్పుడు కాళ్లు చాపడానికి చోటు లేదు,
బయటి మెయిలు ఒక్కటీ గుమ్మం తొక్కడం లేదు.

"బస్తా నిండిపోతే ఇంకో బస్తా ఎత్తాల గానీ
సర్వరు పడిపోనాది, పడిపోనాది అంటావేటే గుంటా!"
ఫోన్లో షావుకారు దాలినాయుడు.
నిజమే. ఆయన చెప్పింది సగం పని.
మిగతా సగం మోత.

డీ డ్రైవులో కొత్తది తెరిచాను.
పేరేమిటంది.
కాసేపు ఆలోచించి "గుండు" అని కొట్టాను.
బద్దలవకుండా ఒలిచిన పప్పుకి
మా దగ్గర అదే మాట.

ఒక్కొక్కళ్లనీ మోశాను.
ముందు షావుకారు: పన్నెండు వేల మెయిళ్లు, చదవనివి తొమ్మిది వేలు.
ఎక్స్‌పోర్టు ఢిల్లేశ్వరరావు: జవాబు కింద జవాబు,
దాని తోక పట్టుకుని ఇంకో జవాబు.
గ్రేడింగు కామాక్షమ్మవి మొత్తం ఇరవయ్యారు,
అన్నిట్లో ఒకే వాక్యం: "అందినవి, లెక్క సరి."

హరిబంధు దగ్గర చెయ్యి ఆగింది.
డిస్పాచి గుమస్తా. ఇచ్ఛాపురం మనిషి.
తిత్లీ తుఫాను వెళ్లిన మూడోనాడు
రాసి పంపని ముక్క ఒకటి ఉంది.
తెరవలేదు నేను. పైన కనిపించిందంతే:
"లారీ రాదు. చెట్లు"
చెట్లు దగ్గర ఆగిపోయింది.
రెండేళ్ల కింద అతనూ.
ఆ పెట్టెనీ మోశాను. బరువు నాలుగు ఎంబీ.

అరవై రెండు శాతం దగ్గర కరెంటు పోయింది.
వాచ్‌మన్ సింహాచలం జనరేటరుతో కుస్తీ పట్టి
చెమటతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.
"బేగి కానియ్యమ్మా, డీజిలు రెండు గంటలకే."

మూడింటికి పాతది ఖాళీ. తీసేయమన్నాను.
ఒప్పుకోలేదు.
ఇందులో ఇంకా ఎవరో ఉన్నారంది.
జాబితా చూశాను, సున్నా.
మళ్లీ చూశాను, సున్నా.
ఐనా ఉన్నారంది.

అప్పుడు తట్టింది.
జాబితాకెక్కని పెట్టెలు కొన్ని ఉంటాయి.
వాటికి మనిషి లేడు, పాస్‌వర్డు లేదు.
ఏ మెయిలు ఎవరి అనుమతికి ఆగాలో చూసుకుంటూ
చూరు కింద నిలబడి ఉంటాయి.
వాటిని పిలిచే తీరు వేరు.
ఆ తీరున పిలిస్తే
ఐదుగురు బయటికొచ్చారు.

వెనక షెడ్డులో పిక్క కొట్టేవాళ్లు నూట నలభై మంది.
జీడి తిని వేళ్ల గీతలు చెరిగిపోయి
వేలిముద్ర మిషను గుర్తుపట్టక
హాజరు ఇంకా కాగితం మీదే.
ఒక్కరికీ ఇక్కడ మెయిలు లేదు.
ఏ కమాండుతో పిలిచినా పలకరు.
ఆ మాట అప్పుడెందుకొచ్చిందో,
పని మీద ఉన్నాను.

ఐదుగురినీ మోశాను.
ఈసారి సరేనంది. పేరు కొట్టేసింది,
ఫైలు మాత్రం నీ చేత్తో నువ్వే చెరుపుకోమంది.
నూట పది జీబీ. పది అంకెలు.
సింహాచలం తెరలోకి వంగి చూశాడు.
"ఇన్నాళ్లూ పేరైనా పెట్నేదేటమ్మా దీనికి?"
చేతిలో టార్చి తెర మీద పడి
అంకెలు కనబడకుండా పోయాయి.
ఆ వెలుగులోనే నొక్కేశాను.

సీజన్లో ఆదివారం ఉండదు.
ఐదున్నరకి బాయిలరు రాజుకుంది.
కొత్త గుమ్మం తొక్కిన మొదటి మెయిలు సూరత్ నుంచి:
మూడువందల ఇరవై గ్రేడు, రెండు టన్నులు,
పాత ధరకే ఇస్తారా?

షెడ్డు వైపు చెప్పుల చప్పుడు.
బకెట్టు నిండిపోయింది.
పారబోయడానికి లేచాను.